ఒక్క కాయ తేడా

మా వదిన పెద్దకర్మ నాడు మాచర్లలో, షామియానా కింద విస్తళ్ళ ముందు కూర్చున్న చుట్టాలందరూ ఎండాకాలాల గురించే మాట్లాడుకున్నారు.

"ఇంకో రెండు నెలలు ఆగితే అందరం ఇక్కడే గదా ఉండేది" అన్నారొకరు.

"సెలవులిచ్చారంటే మా పిల్లలు ఇంకో ఊరి పేరెత్తేవాళ్ళు కాదమ్మా. మాచర్ల అంటే మాచర్లే."

"ముంజలు గంపలకి గంపలు దింపేవాడు. పెట్టే చెయ్యి అంటే ఆ చెయ్యే."

పొగడ్తలన్నీ మా అన్నయ్యకే. ఆయన గుండు మీద కండువా కప్పుకుని బంతుల మధ్య తిరుగుతూ, "ఇంకో గారె వేయించుకో బాబాయ్, మొహమాటపడమాక" అని కొసరి కొసరి వడ్డింపిస్తున్నాడు. దుఃఖం ఉంది ఆయన మొహంలో. లేదని నేననను. కానీ ఇంటినిండా జనం ఉంటే ఆయన నడకలో ఒక హుషారు వస్తుంది. ఆ రోజు కూడా వచ్చింది.

వదిన గురించి మాత్రం ఎవరికీ చెప్పడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. "చానా మంచిది. నోట్లో నాలుక లేని మనిషి" అంది మా మేనత్త. ఆమె పక్కన కూర్చున్నావిడ పెరుగు కలుపుకుంటూ, "అవును. పాపం, క్యారమ్స్ ఆట రాకపోయినా మనందరి కోసం వచ్చి కూర్చునేది" అంది.

ఆ ఇంట్లో నిజంగా ఆట వచ్చిన మనిషి వదిన ఒక్కతే. ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకు తెలుసు. మరో మనిషికి తెలియదనే అప్పటిదాకా అనుకున్నాను.

అన్నయ్య మా పెదనాన్న కొడుకు. విత్తనాలూ పురుగుమందుల కొట్టు ఉంది. మిర్చి అమ్మకాలు అయిపోయాక మే నెలలో అటు రైతులకీ పని ఉండదు, ఇటు కొట్టుకీ పని ఉండదు. గుమాస్తాకి తాళాలు అప్పజెప్పి ఆయన నెలంతా ఇంట్లోనే ఉండేవాడు. మేం గుంటూరు నుంచి, మేనత్త వాళ్ళు నరసరావుపేట నుంచి దిగేవాళ్ళం. పొద్దున్నే తాటిముంజలు. పదింటికల్లా నాపరాళ్ళ మీద కాలు పెట్టలేనంత ఎండ. వసారాకి వట్టివేళ్ళ తడికెలు కట్టి, బిందెలతో నీళ్ళు కొట్టి, ఆ తడి వాసనలో అందరం చాపలు పరిచేవాళ్ళం. నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసుకుని చింతపిక్కలు అరగదీసుకునేవాళ్ళు ఒక మూల. ఉప్పూకారం అద్దిన మామిడిముక్కల పళ్ళెం చుట్టూ పాటల పోటీ ఇంకో మూల. వీటన్నిటి మధ్యలో పెద్ద పీట మీద క్యారమ్ బోర్డు. దాని ముందు అన్నయ్య.

ఆట బాగానే ఆడేవాడు. గొప్పగా కాదు, బాగా. కానీ ఆయనకి ఓడటం చేతకాదు. ఓడితే కేకలు వేసే రకం కాదు, తిట్టే రకం అసలే కాదు. నవ్వేవాడు. నవ్వుతూ లేచి చొక్కా వేసుకుని కొట్టుకి వెళ్ళిపోయేవాడు. ఆ పూట అన్నానికి రాడు. మర్నాడు వచ్చినా మాట ఉండదు. ముంజలు రావు, సాయంత్రం కారు బయటికి తీయడు, మా పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది. ఇంట్లో ఒక మనిషి చప్పుడు లేకుండా అలిగితే అంతమంది పండగ ఎలా చప్పబడిపోతుందో నేను అక్కడే చూశాను. అందుకే మా నాన్న లాంటి పెద్దవాళ్ళు కూడా ఆయనతో ఆడేటప్పుడు కొంచెం చూసీచూడనట్టు ఆడేవాళ్ళు. "వాడి ఇంట్లో ఉంటన్నాం, వాడి తిండి తింటన్నాం, ఒక ఆట పోతే ఏం పోయిందిలే" అనేవాడు మా నాన్న.

వదిన ఆ ఇంటికి వచ్చిన మొదటి ఎండాకాలం నేను డిగ్రీ రెండో ఏడు. ఆమె నాకంటే కొంచెమే పెద్ద. ముప్పాళ్ళ దగ్గర పల్లెటూరు వాళ్ళది. సన్నగా, పొడుగ్గా, చామనఛాయగా ఉండేది. పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదేమో, ఎవరు పిలిచినా ఉలిక్కిపడి పైట సర్దుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం బోర్డు దగ్గర ఒక చెయ్యి తక్కువైంది. మా నాన్నే అన్నాడు, "కొత్త కోడల్ని పిలవండర్రా. ఊరికే వంటింట్లో మగ్గుతుంది."

"ఆమెకేం వచ్చు బాబాయ్" అన్నాడు అన్నయ్య నవ్వుతూ. అయినా పిలిచాడు. "ఏమే, ఇటు రా. కూర్చో. నీ వైపు వచ్చిన కాయని ముందుకి నెట్టు, అంతే."

వదిన నాకు ఎదురుగా, నాకు జతగా కూర్చుంది. ముందు గాజులన్నీ మోచేతి దాకా తోసుకుంది. జారిపోకుండా జడ చివరి రబ్బరుబ్యాండు తీసి వాటి మీద వేసుకుంది. పౌడరు చల్లిన బోర్డు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి చూసుకుంది, వేడి పెనం మీద నీళ్ళు చిలకరించి చూసుకున్నట్టు. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

ఆమె స్ట్రైకర్ కొట్టే పద్ధతిలో విసురు లేదు. వేలు కదిలినట్టు కూడా ఉండదు. కాయ తనంతట తనే ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళి కన్నంలో పడేది. చప్పుడు కూడా మెత్తగా ఉండేది. ఒకటి పడింది. ఇంకోటి పడింది. అష్టాచెమ్మా వాళ్ళు చింతపిక్కలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. ఎర్రకాయ వేసి, దాని వెనకే తెల్లకాయ వేసి, మిగిలినవన్నీ ఊడ్చినట్టు వేసేసి, ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో గర్వం లేదు. చాలా రోజులకి కడుపునిండా తిన్న మనిషి మొహం అలా ఉంటుంది.

మా నాన్న చప్పట్లు కొట్టాడు. "ఒరేయ్, నీ పెళ్ళాం నీకంటే మొనగత్తెరా!"

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆ పూట అన్నానికి రాలేదు. మర్నాడు పొద్దున మంచినీళ్ళు కూడా వదిన చేత్తో తీసుకోలేదు. మధ్యాహ్నం నేను వంటింట్లోకి మజ్జిగ కోసం వెళితే మా పెద్దమ్మ పచ్చడి నూరుతూ, తల ఎత్తకుండా అంటోంది. "ఏమే, మొగుడితో ఆటకి కూర్చుంటే ఎవరన్నా గెలుస్తారా? పదిమందిలో వాడి పరువు తీశావు. వాడు తిండి మానేసి కొట్టులో కూర్చున్నాడు. నీ ఆట నువ్వే కూర వండుకుని తిను ఇప్పుడు."

వదిన అన్నం గంజి వారుస్తోంది. గిన్నె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, "సాయంత్రం ఆయన్ని నేనే పిలుస్తాలే అత్తయ్యా" అంది.

పిలిచింది. బోర్డు తనే తుడిచి, పౌడరు తనే చల్లి, కాయలు పువ్వులా పేర్చి, ఆయన కొట్టు నుంచి వచ్చి గదిలో కూర్చోగానే గడప దగ్గర నిలబడి, "ఏమండీ, ఒక్క ఆట ఆడదాం రండి" అంది. ఆయన కాసేపు వినపడనట్టు కూర్చుని, తర్వాత వచ్చాడు. ఆడారు. చివరికి ఇద్దరికీ ఒక్కో కాయ మిగిలింది. ఆమె కాయ మూల కన్నం అంచున ఉంది. గాలి ఊదితే పడుతుంది. ఆమె కొట్టింది. స్ట్రైకర్ కాయకి వెంట్రుకవాసిలో పక్క నుంచి వెళ్ళి అవతలి చెక్కకి తగిలింది.

"అయ్యయ్యో!" అన్నారందరూ.

అన్నయ్య తన కాయ వేశాడు. "నిన్న ఏదో లక్కుగా పడినయ్ అంతే" అన్నాడు. చూసినవాళ్ళంతా అదే నమ్మారు. ఆ రాత్రి మామిడికాయ పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. మర్నాడు గంపెడు ముంజలు వచ్చాయి.

ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలో. ప్రతి ఏడూ నేను వెళ్ళేదాన్ని, పెళ్ళయ్యాక పిల్లల్ని తీసుకుని కూడా వెళ్ళేదాన్ని. ప్రతి ఏడూ వదిన ఆడేది. ప్రతి ఆటా ఓడేది. ఎప్పుడూ ఒక్క కాయ తేడాతోనే.

ఆమెకి జతగా కూర్చునేదాన్ని కాబట్టి ముందు నాకు ఒళ్ళు మండేది. నాకూ గెలవాలని ఉండేది మరి. "అది పడేదే గదా వదినా! ఎట్టా తప్పింది?" అని గింజుకునేదాన్ని. ఆమె నాలుక కొరుక్కుని, "చెయ్యి జారింది అమ్మాయ్" అనేది. రెండో ఏడు వచ్చేసరికి నేను ఆమె చెయ్యి చూడటం మొదలుపెట్టాను. జారిన చెయ్యి ఒకసారి అటు జారుతుంది, ఒకసారి ఇటు జారుతుంది. ఆమె చెయ్యి ఎప్పుడూ అంతే తేడాలో, అంతే దూరంలో జారేది. వెయ్యడానికి ఎంత గురి కావాలో తప్పించడానికి అంతకంటే ఎక్కువ గురి కావాలి. ఆమె ఓడటానికి పడే కష్టంలో సగం పడినా మేమంతా గెలిచేవాళ్ళం.

ఒకసారి మే నెలలో అన్నయ్య కంపెనీ వాళ్ళ మీటింగు ఉందని గుంటూరు వెళ్ళాడు. పెద్దమ్మ నిద్రపోతోంది. పిల్లలు పక్కింట్లో ఉన్నారు. వసారాలో వదినా నేనూ మాత్రమే. నేను బోర్డు పరిచి, "ఈ రోజు నిజంగా ఆడు. ఆడకపోతే నేను రేపు బస్సెక్కి వెళ్ళిపోతా" అన్నాను.

ఆమె ఒకసారి వాకిలి వైపు చూసింది. తర్వాత గాజులు పైకి తోసుకుంది.

నా వంతు రానే లేదు. మొదటి దెబ్బకి పువ్వు విడిపోయింది. ఆ తర్వాత ఆమె ఒక్కొక్క కాయనీ పేరుపెట్టి పిలిచినట్టు పిలిచి కన్నంలో వేసింది. ఒకటి ఈ చెక్కకి కొట్టి ఆ మూలకి పంపింది. ఒకటి వెనక్కి తిప్పి వేసింది. మధ్యలో మాట్లాడుతూనే ఉంది. ఆమె అన్ని మాటలు మాట్లాడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

"కాయని చూడమాక. కన్నం చూడు. కాయ దానంతట అదే పోయిద్ది. మా నాయన చెప్పేవాడు. ఒక ఏడు ఎడ్లబండి మీద నించి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎండాకాలమంతా మంచంలోనే. పొద్దు గడవక మంచం పక్కన స్టూలు వేయించి, బోర్డు పెట్టించి, నన్ను కూర్చోబెట్టుకునేవాడు. మా అన్నలు పొలం పోయేవాళ్ళు. నేనూ నాయనా. ఒక్క ఆట వదిలిపెట్టేవాడు కాదు. నేను ఏడ్చినా వదిలేవాడు కాదు. 'ఇయ్యను. కావాలంటే గెలుచుకో' అనేవాడు. ఒక రోజు గెలిచాను. నిజంగా గెలిచాను. ఆ మనిషి విరిగిన కాలు మీద లేవబోయాడు అమ్మాయ్. మంచంలో నించే వీధిన పోయేవాళ్ళందర్నీ పిలిచి, మా పిల్ల నన్ను ఓడించింది, మా పిల్ల నన్ను ఓడించిందని..."

అక్కడ ఆగిపోయింది.

"మరి ఇక్కడెందుకు ఓడిపోతావు?" అన్నాను.

"గెలిస్తే ఒక పూట బాగుంటది. తర్వాత నెలంతా ఎవరు పడతారు?" అంది. "మా నాయన దగ్గర ఆడింది ఆట. ఇది వంట లాంటిది. ఎక్కువ తేడాతో ఓడితే ఆయనకి రుచించదు. నేనే గెలిచేటట్టు కనపడితే మొహం మాడిపోయిద్ది. ఒక్క కాయ తేడా ఉండాలి. అప్పుడు ఆయనకీ బాగుంటది, చూసేవాళ్ళకీ బాగుంటది."

"నీకు?"

ఆమె సమాధానం చెప్పేలోపు వాకిట్లో కారు ఆగింది. వదిన అరచేత్తో కాయలన్నీ కలిపేసింది. "ఆయనొచ్చాడు. కుండలో నీళ్ళు ముంచు, నేను మజ్జిగ కలుపుతా" అని లేచింది. నడుస్తూనే గాజులు మణికట్టు దాకా దించుకుంది.

ఆమెకి కూతురు ఒక్కతే, మౌనిక. బొద్దుగా, గారాబంగా పెరిగింది. ఆ పిల్లకి ఆడే వయసు రాగానే వాళ్ళ నాన్న పక్క చేరింది. పిల్లలు గెలిచేవాళ్ళ పక్కే చేరతారు, అందులో వింత లేదు. చీట్లు వేసి జతలు కట్టినప్పుడు తల్లి పేరు వస్తే మౌనిక కాళ్ళు నేలకేసి కొట్టేది. "అమ్మతో నేను ఉండను! అమ్మ ఎప్పుడూ ఓడిపోయిద్ది! నాకు నాన్నే కావాలి!" అని ఏడ్చేది. అన్నయ్య పగలబడి నవ్వి, ఆ పిల్లని ఎత్తుకుని తన వైపు కూర్చోబెట్టుకునేవాడు. "మీ అమ్మకి వంట వచ్చుగా, అది చాల్లే" అనేవాడు.

అప్పుడు నేను వదిన మొహం చూడలేకపోయేదాన్ని. ఆమె మాత్రం నవ్వేది. పౌడరు డబ్బా అందుకుని బోర్డు మీద చల్లేది. నేను ఒకసారి పక్కకి తీసుకెళ్ళి, "పిల్లకన్నా చెప్పు వదినా" అన్నాను. "పిల్లకి చెబితే నాన్నకి చెప్పకుండా ఉంటదా?" అంది. "ఏడవనీలే. పెళ్ళయ్యి ఒక ఇంటికి పోయినాక దానికే తెలుసుద్ది." ఆ మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాగాలేదు.

ఆమె తన కోసం ఏదన్నా అడగడం నేను ఒక్కసారే విన్నాను.

పది పన్నెండేళ్ళ క్రితం, సెలవుల్లో ఊళ్ళో ఆడవాళ్ళకి ఆటల పోటీలు పెట్టారు. ముగ్గులు, పాటలు, తాడాట, క్యారమ్స్. పక్కింటి టీచరమ్మ పేర్లు రాసుకోవడానికి వచ్చింది. అందరం వసారాలో ఉన్నాం. అన్నయ్య ముంజ వేలితో పొడుచుకుని తాగుతున్నాడు. వదిన పక్కన కూర్చుని ముంజలు ఒలుస్తోంది. టీచరమ్మ, "మీరెవరన్నా వస్తారా అండీ?" అని అడిగితే, వదిన ఒలిచే ముంజ చేతిలో పెట్టుకునే, ఆయన వైపు తిరిగి, "నేను పోనా అండీ, క్యారమ్స్‌కి?" అంది.

అంత నెమ్మదిగా అడిగింది. కానీ ఆమె మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది.

అన్నయ్య టీచరమ్మ వైపు చూసి నవ్వాడు. "మా ఆవిడా? ఇన్నేళ్ళ నుంచీ ఆడతంది, ఒక్కసారి నాతో గెలిచింది లేదు. అక్కడికి పోయి ఏం చేస్తదండీ? ఓడిపోయొస్తే మళ్ళీ మేం ఓదార్చాలి."

అందరూ నవ్వారు. మౌనిక అప్పటికి ఇంజనీరింగు చదువుతోంది, అది కూడా నవ్వి, "అమ్మా, నువ్వు ముగ్గులకి పో. అది నీకు బాగా వచ్చు" అంది.

వదిన నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం ఆమె చెప్పేస్తుందని అనుకున్నాను. "నేను ఓడిపోతన్నాను కాబట్టి నువ్వు గెలుస్తన్నావు" అని ఒక్క మాట చాలు. ఆమె నా వైపు చూసింది. నేను ఏదో అనబోతున్నానని ఆమెకి తెలిసిపోయింది. వద్దన్నట్టు తల చాలా కొద్దిగా ఊపింది. ఆమె కాపురం ఆమెది. నేను నోరు మూసుకున్నాను. ఆమె ఒలిచిన తొక్కలన్నీ గంపలోకి ఎత్తి, పెరట్లోకి తీసుకెళ్ళింది. చాలాసేపటి దాకా రాలేదు. వచ్చాక ఎప్పటిలాగే ఆడింది, ఎప్పటిలాగే ఓడింది.

పోటీలు జరిగిన రోజు సాయంత్రం ఆ టీచరమ్మే గెలిచి, ప్లాస్టిక్ డబ్బాల సెట్టు బహుమతిగా తెచ్చుకుని చూపించడానికి వచ్చింది. వదిన ఆ డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి, పెట్టి, "బాగున్నయ్ అండీ. గట్టిగా ఉన్నయ్" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఏడాది మొదట్లో ఆమెకి కడుపులో నొప్పి మొదలైంది. నొప్పి అని ఆమె చెప్పిన నాటికి చాలా ఆలస్యమైంది. గుంటూరు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను రోజూ స్కూల్లో పాఠాలు చెప్పడం అయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. అన్నయ్య లోటు చేయలేదు. పెద్ద డాక్టర్లకి చూపించాడు, విడిగా గది తీసుకున్నాడు, మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఒక సాయంత్రం ఆయన టీ తాగడానికి కిందకి వెళ్ళినప్పుడు ఆమె, "అమ్మాయ్, ఆ రోజు మనిద్దరం ఆడిన ఆట గుర్తుందా?" అంది. ఉందన్నాను. "వెనక్కి తిప్పి వేసింది చూశావా?" అంది. చూశానన్నాను. "అది మా నాయనక్కూడా రాదు" అంది. అంతే. కళ్ళు మూసుకుంది. ఆమె తన గురించి తను గొప్పగా చెప్పుకోగా నేను విన్నది అదొక్కటే.

పెద్దకర్మ నాడు సాయంత్రానికి చుట్టాలు సర్దుకున్నారు. షామియానా విప్పుతున్నారు. వసారాలో అన్నయ్య పడక్కుర్చీలో కూర్చున్నాడు. నేను గుంటూరు బస్సుకి ఇంకా టైముందని అక్కడే ఉన్నాను. మౌనిక గదులు సర్దుతూ, బీరువా వెనక నుంచి క్యారమ్ బోర్డు లాగి బయటికి తెచ్చింది.

"దీన్ని ఎవరికన్నా ఇచ్చేద్దాం నాన్నా. ఇక ఎవరు ఆడతారు? అమ్మకి ఇష్టం లేకపోయినా మన కోసం కూర్చునేది" అంది.

పొద్దున్నుంచి ఆపుకున్న మాట అప్పుడు బయటికి వచ్చేసింది. "మీ అమ్మకి ఇష్టం లేదని ఎవరన్నారే?" అన్నాను. చెప్పాను. అన్నయ్య అక్కడే ఉన్నాడని తెలిసే చెప్పాను. మంచంలో ఉన్న వాళ్ళ తాత గురించి, ఆ మధ్యాహ్నం గురించి, ఒక్క కాయ తేడా గురించి. మౌనిక బోర్డు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతా విన్నాక తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, అత్త చెప్పేది నిజమేనా? నీకు తెలవదా?"

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. నన్ను అబద్ధాలకోరు అంటాడేమోనని దానికి కూడా సిద్ధపడే ఉన్నాను. ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "తెలియకేం" అన్నాడు.

నాకు ఆ మాట సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "ఏంది?" అన్నాను.

"మొదటి ఏడే తెలుసు. అంచు మీద ఉన్న కాయ ఎవరికన్నా తప్పుతదా? చెయ్యి చూస్తే తెలవదా ఆడేవాడికి?"

"మరి ఏమీ అనలేదే అన్నయ్యా?"

"ఏమనాలి? ఇంటినిండా చుట్టాలు. అందరూ నవ్వుకుంటన్నారు. ఇల్లు బాగుంది. ఆమె ఏనాడన్నా నాకు కష్టంగా ఉందని అన్నదా?"

"నువ్వు అడిగావా?"

ఆయన పడక్కుర్చీ చెయ్యి మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. "అడగలేదు" అన్నాడు.

"ఆ రోజు పోటీలకి పోతానంటే, నాతోనే ఒక్కసారి గెలవలేదు అన్నావు. అందరి ముందూ. తెలిసే అన్నావా?"

"పోయి గెలిచొస్తే?" అన్నాడు. ఆ గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. ఎంతో కాలం కిందటే తనకి తను చెప్పుకుని ఒప్పుకున్న లెక్క మాకు మళ్ళీ చెబుతున్నట్టుంది. "ఊళ్ళో అందర్నీ ఓడించి వస్తే, ఇన్నేళ్ళూ మీ ఆయనతో ఎట్టా ఓడావమ్మా అని అడగరా? నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?"

మౌనిక బోర్డుని గోడకి ఆనించింది. "నేను అమ్మతో జత వద్దని ఏడ్చేదాన్ని నాన్నా. నువ్వు నన్ను ఎత్తుకుని నీ పక్కన కూర్చోబెట్టుకునేవాడివి. అప్పుడు కూడా నీకు తెలుసా?"

ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అప్పుడన్నా నా చెవిలో ఒక్క మాట చెప్పొచ్చుగా. నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదుగా."

"ఆటే గదమ్మా" అన్నాడు అన్నయ్య. "ఆటకేముంది."

మౌనిక లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గదిలో బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున బయల్దేరాల్సిన పిల్ల, ఆ సాయంత్రమే మొగుడికి ఫోను చేసి కారు తెప్పించుకుంది. నన్ను బస్టాండులో దింపింది. నేను దిగుతుంటే, "అత్తా, వెనక్కి తిప్పి వెయ్యటం అంటే ఎట్టా?" అని అడిగింది. చేత్తో చూపించబోయాను. నాకు రాలేదు. "తెలవదమ్మా. చూశాను గానీ నాకు రాదు" అన్నాను.

మే నెల వచ్చింది. మౌనిక పిల్లలకి సెలవులిచ్చారు. అది వాళ్ళని తీసుకుని మాచర్ల వెళ్ళలేదు. ముప్పాళ్ళ దగ్గర వాళ్ళ మేనమామ ఇంటికి వెళ్ళింది. అక్కడి నుంచి నాకు ఫోను చేసి, తాత మంచం వేసిన చోటు మామయ్య చూపించాడని, ఆ గదిలో ఇప్పుడు మోటారు సామాన్లు పెట్టుకున్నారని చెప్పింది. పిల్లలు ఏం చేస్తున్నారని అడిగితే, ఊరికే ఎండలో పడి తిరుగుతున్నారంది.

ఆ వారంలోనే అన్నయ్య ఫోను వచ్చింది. మేనత్త వాళ్ళు మోకాళ్ళ నొప్పులని రావడం లేదట. నరసరావుపేట పిల్లలకి ఏవో కోచింగులట. "ఇల్లు బోసిపోయింది. కూలరు వేసుకుని ఒక్కణ్ణే కూర్చుంటన్నా. నువ్వన్నా రామ్మా. ఒక వారం ఉండిపో" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. ముసలితనం ఒక్కసారే మీద పడినట్టుంది. జాలి వేసింది. లేదని అబద్ధం చెప్పను. చిన్నప్పటి నుంచీ ఆ చేత్తో తిన్న ముంజలు, ఆ కార్లో తిరిగిన సాయంత్రాలు, అన్నీ గుర్తొచ్చాయి.

"రాలేను అన్నయ్యా" అన్నాను.

"ఏం? సెలవులేగా?"

"సెలవులే."

"మరి ఎందుకు రావు?"

"ఎందుకో నీకు తెలుసుగా" అన్నాను.

ఫోనులో కూలరు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు సవరించుకుని, "సరేలే. మామిడికాయలు బాగా వచ్చినయ్ ఈసారి. ఒక బుట్ట బస్సులో వేయించి పంపిస్తా, తీసుకో" అన్నాడు.

వద్దన్నాను.